సైన్అప్ ఫారంలో జెండర్ గడి: ఎప్పుడు అడగాలి, ఎలా అడగాలి

సైన్అప్ ఫారం తయారుచేసేటప్పుడు పేరు, ఈమెయిల్, పాస్‌వర్డ్ తర్వాత నాలుగో గడిగా జెండర్ వచ్చి కూర్చుంటుంది. దాన్ని అక్కడ ఎవరు పెట్టమన్నారని అడిగితే చాలాసార్లు జవాబు దొరకదు; పాత ఫారంలో ఉంది కాబట్టి కొత్త ఫారంలోకి వచ్చింది, అంతే. ఎక్కువమంది ఆ గడిని అర సెకనులో దాటేస్తారు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తికి, తనను పూర్తిగా పురుషుడిగానో స్త్రీగానో చెప్పుకోని నాన్‌బైనరీ వ్యక్తికి మాత్రం అక్కడ చేయి ఆగుతుంది. గుర్తింపు పత్రంలో ఉన్నది చెప్పాలా, తాను ఎవరో అది చెప్పాలా, చెబితే ఎవరెవరికి కనిపిస్తుంది, తర్వాత మార్చుకోనిస్తారా అన్న ప్రశ్నలన్నీ ఒక్కసారిగా ముందుకొస్తాయి, వాటిలో ఒక్కదానికీ ఫారంలో సమాధానం ఉండదు.

పురుషుడు, స్త్రీ అన్న రెండింటి కింద మూడో పేరు ఒకటి చేర్చితే ఈ సమస్య తీరిపోతుందని చాలామంది అనుకుంటారు. నేనూ కొంతకాలం అలాగే అనుకున్నాను. తెర మీద కనిపించే ఆ మూడు వరుసలకన్నా, ఆ గడి ఏ పనికోసం ఉందన్నదీ, నింపిన తర్వాత ఆ జవాబు ఎక్కడెక్కడికి ప్రయాణిస్తుందన్నదీ ఎక్కువ ముఖ్యమైన విషయాలు. అందువల్ల కింద చెప్పిన పనులను ఇదే వరుసలో చేయండి. ఎంపికల జాబితా దగ్గర మొదలుపెట్టకండి.

మొదటి మెట్టు: ఆ గడికి పని ఉందో లేదో తేల్చుకోండి

ఒక కాగితం తీసుకుని, ఈ జవాబు వల్ల మీ వ్యవస్థలో ఏ నిర్ణయం మారుతుందో రాయండి. "వినియోగదారులను అర్థం చేసుకోవడానికి" అన్న మాట నిర్ణయం కిందికి రాదు. "ముందు ముందు పనికొస్తుందేమో" అన్నది అసలే రాదు. ఎవరు, ఏ తెర మీద, ఈ సమాచారాన్ని చూసి ఏం చేస్తారో పేరు పెట్టి రాయగలగాలి. రాయలేకపోతే గడిని తీసేయండి. ఈ వ్యాసంలో మిగిలిన భాగంతో మీకు దాదాపు పని ఉండదు, ఫారం కూడా పొట్టిదవుతుంది.

బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్ల డిజైన్ మార్గదర్శకాలు చెప్పేది కూడా ఇదే: లింగం లేదా జెండర్ తెలియకపోతే సేవ అందించలేని పరిస్థితి ఉంటేనే అడగమంటాయి. చట్టాలూ ఇటువైపే మొగ్గుతున్నాయి. అవసరానికి మించి వ్యక్తిగత సమాచారం సేకరించకూడదన్నది ఐరోపా సమాఖ్య డేటా రక్షణ నిబంధనలలో ఒక మూలసూత్రం. భారతదేశం 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా, చెప్పిన ప్రయోజనానికి అవసరమైన మేరకే సమ్మతి వర్తిస్తుందంటుంది. ఈ సూత్రం ఒక మామూలు ఫారం మీద ఎలా పనిచేస్తుందో 2025 జనవరి 9న ఐరోపా సమాఖ్య న్యాయస్థానం ఇచ్చిన తీర్పు చూపించింది. ఫ్రాన్సులో రైలు టికెట్లు ఆన్‌లైన్‌లో అమ్మే ఎస్‌ఎన్‌సీఎఫ్ కనెక్ట్ సంస్థ, టికెట్ కొనేవారిని "మాన్స్యూర్", "మదామ్" అన్న రెండు సంబోధనలలో ఒకటి తప్పనిసరిగా ఎంచుకోమనేది. దాన్ని మూస్ అనే సంఘం సవాలు చేసింది. ప్రయాణికుడిని ఎలా సంబోధించాలో తెలియడం టికెట్ అమ్మకానికి అనివార్యం కాదనీ, ఎవరికైనా సరిపోయే మర్యాద వాక్యంతో ఉత్తరం రాసుకోవచ్చనీ న్యాయస్థానం తేల్చింది. రైలు ఎక్కడానికే అక్కర్లేని సమాచారం వార్తాలేఖ పంపడానికి ఎందుకని మీ బృందంలో ఎవరైనా అడిగితే మీ దగ్గర జవాబు ఉండాలి.

రెండో మెట్టు: మీరు అడుగుతున్నది నాలుగింటిలో ఏది?

పని ఉందని తేలితే, ఆ పని ఏ రకానిదో చూడండి. "జెండర్" అనే ఒకే గడి కింద నాలుగు వేర్వేరు ప్రశ్నలు దాక్కుని ఉంటాయి: మిమ్మల్ని ఎలా పిలవాలి, మీ గుర్తింపు పత్రంలో ఏమని ఉంది, మీ శరీరానికి సంబంధించిన ఏ వివరం మాకు కావాలి, మిమ్మల్ని మీరు ఎవరిగా చెప్పుకుంటారు. ఎక్కువమంది విషయంలో ఈ నాలుగింటికీ జవాబు ఒకటే కాబట్టి ఒక్క గడితో పని జరిగిపోతుంది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల విషయంలో నాలుగు జవాబులూ వేరువేరుగా ఉండవచ్చు, అందుకే ఆ గడి వారి దగ్గర విఫలమవుతుంది. కావలసినదాన్ని సూటిగా అడగడమే దీనికి మార్గం.

పిలవడానికే అయితే జెండర్ అడగనక్కర్లేదు. శ్రీ, శ్రీమతి, కుమారి అన్న జాబితా జెండర్‌తో పాటు పెళ్లి అయిందో లేదో కూడా బయటపెట్టమంటుంది. తెలుగులో రాసేవారికి "గారు" అనే మాట ఉండనే ఉంది: పేరు పక్కన అది పెడితే మర్యాదా నిలుస్తుంది, ఎవరి జెండరూ తెలియనక్కర్లేదు. "మిమ్మల్ని ఏ పేరుతో పిలవమంటారు?" అని ఒక గడి పెడితే చాలు.

గుర్తింపు పత్రంతో సరిపోల్చడానికైతే ఆ మాటే ప్రశ్నలో పెట్టండి: "మీ పాస్‌పోర్టులో ఉన్న ప్రకారం లింగం". అప్పుడు అడిగేది వ్యక్తిని కాదు, పత్రాన్ని అని చదివేవారికి అర్థమవుతుంది. జవాబు చెప్పడం కొంత తేలికవుతుంది. పత్రంలో ఏమేం ఉండే వీలుందో అవన్నీ మీ జాబితాలో ఉండాలి. పాస్‌పోర్టులకు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పెట్టిన ప్రమాణం ఎం (పురుషుడు), ఎఫ్ (స్త్రీ) లతో పాటు ఎక్స్ అనే అక్షరాన్ని కూడా అనుమతిస్తుంది, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, కెనడా వంటి దేశాలు ఆ అక్షరంతో పాస్‌పోర్టులు ఇచ్చాయి. రెండే ఎంపికలున్న ఫారం ముందు కూర్చున్న అలాంటి పాస్‌పోర్టుదారుడు తన పత్రానికి విరుద్ధమైన సమాచారం ఇవ్వక తప్పదు, ఆ తర్వాత "వివరాలు సరిపోలలేదు" అని తిరస్కరించేదీ అదే ఫారం. ఈ గడిని సైన్అప్ దగ్గర కాకుండా పత్రం నిజంగా అవసరమయ్యే చోట, అంటే టికెట్ బుక్ చేసేటప్పుడో ఖాతా ధ్రువీకరించేటప్పుడో అడగండి.

ఆరోగ్య సేవల్లో ఇంకా జాగ్రత్త అవసరం. పుట్టినప్పుడు ఆడశిశువుగా నమోదై, ఇప్పుడు పురుషుడిగా జీవిస్తున్న ట్రాన్స్ పురుషుడికి గర్భాశయ ముఖద్వారం ఉండవచ్చు. రికార్డులో "పురుషుడు" అని మాత్రమే ఉంటే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షకు ఆయనకు పిలుపు రాదు. "స్త్రీ" అని రాస్తే ప్రతి సందర్శనలోనూ ఆయన్ను తప్పుగా పిలుస్తారు. ఇప్పుడున్న జెండర్ ఒక ప్రశ్నగా, పుట్టినప్పుడు నమోదైన లింగం ఇంకో ప్రశ్నగా అడిగే పద్ధతి దీనికోసమే వాడుకలోకి వచ్చింది. వీలైతే అంతకన్నా సూటిగా, "మీకు గర్భం వచ్చే అవకాశం ఉందా?" అని కావలసిన విషయాన్నే అడగండి. మామూలు వెబ్‌సైటుకు మాత్రం పుట్టినప్పటి లింగంతో ఏ పనీ ఉండదు. "సమగ్రంగా ఉంటుంది" అని ఆ రెండో ప్రశ్న చేర్చకండి.

నాలుగో రకం, అంటే వ్యక్తి తనను తాను ఎవరిగా చెప్పుకుంటారన్నది, గణాంకాలకు, వివక్ష జరుగుతోందో లేదో చూడడానికి, పరిచయ వేదికల వంటి చోట్ల అవసరమవుతుంది. ఎంపికల జాబితా నిజంగా కావలసింది ఇక్కడే.

మూడో మెట్టు: ప్రశ్నను, ఎంపికలను రాయండి

ముందుగా ఒక ఉదాహరణ చూపిస్తాను, తర్వాత ఒక్కో మాట గురించి చెబుతాను.

మీ జెండర్ ఏమిటి? (ఐచ్ఛికం)
మా సేవలు అందరికీ సమానంగా అందుతున్నాయో లేదో చూడడానికి అడుగుతున్నాం. ఈ జవాబు మీ ప్రొఫైల్‌లో కనిపించదు. ఎప్పుడైనా మార్చవచ్చు, తీసేయవచ్చు.
• మహిళ
• పురుషుడు
• నాన్‌బైనరీ
• నా మాటల్లో చెబుతాను: ________
• చెప్పదలచుకోలేదు

ప్రశ్న కింద ఉన్న మూడు చిన్న వాక్యాలే ఈ ఫారంలో అన్నింటికన్నా విలువైనవి. ఎందుకు, ఎవరికి కనిపిస్తుంది, మార్చుకోవచ్చా అన్న మూడింటికీ అవి అక్కడికక్కడే జవాబిస్తాయి. వాటిని గోప్యతా విధానం పేజీలో పదిహేడో పేరాలో దాచిపెడితే ఎవరూ చదవరు. రాసిన తర్వాత ఆ మాట మీద నిలబడడం మీ బాధ్యత. అందువల్ల మొదటి మెట్టులో కాగితం మీద రాసుకున్నదాన్నే ఇక్కడికి ఎత్తి రాయండి.

జాబితాలో "ట్రాన్స్‌జెండర్" అన్న మాట ఎందుకు లేదని కొందరు అడుగుతారు. ట్రాన్స్ మహిళ మహిళే. మహిళ, పురుషుడు, ట్రాన్స్‌జెండర్ అని మూడు గళ్లు పెట్టి ఒక్కటే ఎంచుకోమంటే, ఆమెను మహిళల వరుసలోంచి లేచి వేరే బల్ల మీద కూర్చోమన్నట్టే. 2021లో కెనడా జనగణన పుట్టినప్పటి లింగాన్నీ, జెండర్‌నూ విడివిడిగా అడిగింది. 15 ఏళ్లు, ఆపైన వయసువారు దాదాపు 3.05 కోట్లమందిలో 1,00,815 మంది ట్రాన్స్‌జెండర్ లేదా నాన్‌బైనరీ అని తేలింది. వారిలో 59,460 మంది ట్రాన్స్ పురుషులు, ట్రాన్స్ మహిళలు. 41,355 మంది నాన్‌బైనరీ వ్యక్తులు. అంటే సగానికి పైగా మందికి "పురుషుడు", "మహిళ" అన్న మాటలే సరిపోయాయి, మిగిలినవారికి ఆ రెండూ సరిపోలేదు. మూడో వరుసలో "ట్రాన్స్‌జెండర్" అని రాసి ఊరుకుంటే మొదటివారిని తమ చోటు నుంచి కదిలిస్తాం, రెండోవారికి వారిది కాని పేరు పెడతాం.

అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది. తనను మహిళగానో పురుషుడిగానో కాక ట్రాన్స్‌జెండర్‌గానే చెప్పుకునేవారు, ఆ గుర్తింపును గర్వంగా చెప్పుకునేవారు చాలామంది ఉన్నారు. ఆ మాటకు చట్టపరమైన గుర్తింపు సాధించుకున్న చోట దాన్ని జాబితాలోంచి తీసేయడం వారిని చెరిపేసినట్టే అనిపిస్తుంది. అలాంటి చోట ఒకటికన్నా ఎక్కువ ఎంచుకునే వీలున్న చెక్‌బాక్సులు పెట్టండి. అప్పుడు ఒకరు "మహిళ", "ట్రాన్స్‌జెండర్" రెండూ ఎంచుకుంటారు, ఇంకొకరు "ట్రాన్స్‌జెండర్" ఒక్కటే ఎంచుకుంటారు, మరొకరు "మహిళ" అని మాత్రమే చెప్పి ముందుకు వెళతారు. గణాంకాలు తీసేవారికి లెక్క కాస్త కష్టమవుతుంది. ఆ కష్టం వారు పడడమే న్యాయమని నా అభిప్రాయం. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల సంఖ్యే కావాలంటే "మీరు ట్రాన్స్‌జెండర్ వ్యక్తా?" అని విడిగా, ఐచ్ఛికంగా, అర్థమయ్యే మాటల్లో అడగవచ్చు.

అర్థమయ్యే మాటలని ఊరికే అనలేదు. 2021 ఇంగ్లాండ్, వేల్స్ జనగణనలో "మీరు ఏ జెండర్‌గా భావించుకుంటారో అదీ, పుట్టినప్పుడు నమోదైన లింగమూ ఒకటేనా?" అన్న అర్థం వచ్చే ప్రశ్న వేశారు. దాదాపు 2,62,000 మంది కాదన్నారు. ఇంగ్లీషు అంతగా రానివారిలో ఆ జవాబు అసాధారణంగా ఎక్కువగా రావడంతో, ప్రశ్నే కొందరికి అర్థం కాలేదేమోనన్న అనుమానం మొదలైంది. చివరికి 2024లో ఆ అంకెలకు గుర్తింపు పొందిన అధికారిక గణాంకాల హోదా తొలగించారు. ఒక దేశం ఎంతో పరీక్షించి రాసుకున్న వాక్యమే అలా అయితే, మధ్యాహ్నం భోజనానికి ముందు పది నిమిషాల్లో మీరు అనువదించిన వాక్యం గురించి ఒకటికి రెండుసార్లు ఆలోచించడం మంచిది.

తెలుగులో ఫారం రాసేటప్పుడు "ఇతరులు" అన్న మాట వాడకండి. మనం, ఇతరులు అని జంటగా వాడే మాట అది. బయటివాళ్లు అన్న ధ్వని దానిలోనే ఉంది. నపుంసకత్వాన్ని సూచించే పాత నిఘంటువు పదాలు, వీధుల్లో తిట్టుగా వాడే పదాలు ఎట్టి పరిస్థితిలోనూ ఫారం మీదికి రాకూడదు. యంత్రానువాదం వీటినే ముందుకు తోస్తుంది కాబట్టి ఎంపికల జాబితాను మనిషి చదివి సరిచూడాలి. "లింగం", "జెండర్" రెండింటినీ ఒకదానికి బదులు ఒకటిగా వాడడం మన ఫారాల్లో మామూలే. పత్రంలోని వివరానికి, శరీరానికి సంబంధించిన ప్రశ్నకు "లింగం" అనీ, వ్యక్తి గుర్తింపుకు "జెండర్" అనీ ఒక నియమం పెట్టుకుని సైటంతటా దానికి కట్టుబడండి.

ఇక చిన్న విషయాలు. ఏ ఎంపికనూ ముందుగా టిక్ చేసి ఉంచకండి. రేడియో బటన్‌ను ఒకసారి నొక్కితే దాన్ని ఖాళీ చేయడం మామూలుగా కుదరదు, కాబట్టి "చెప్పదలచుకోలేదు" తప్పకుండా ఉండాలి. యాభై పేర్ల డ్రాప్‌డౌన్ పెట్టడం ఉదారంగా కనిపిస్తుంది కానీ తన పేరు యాభై ఒకటోది అయినవారికి అది మరింత చేదుగా ఉంటుంది. ఫేస్‌బుక్ 2014 ఫిబ్రవరిలో యాభైకి పైగా ఎంపికలు ప్రవేశపెట్టి, ఏడాది తిరిగేసరికి సొంతంగా రాసుకునే గడిని కూడా చేర్చింది. తెర మీది మాటలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడేవారికి ప్రశ్నా, ఎంపికలూ కలిపి ఒకే గుంపుగా వినిపించేలా ఫీల్డ్‌సెట్, లెజెండ్ ట్యాగులు వాడండి, రాసుకునే గడికి విడిగా లేబుల్ ఇవ్వండి.

దోష సందేశాలు కూడా చదవండి. గడి ఖాళీగా వదిలితే "దయచేసి సరైన జెండర్ ఎంచుకోండి" అని ఎర్ర అక్షరాల్లో చెప్పే ఫారాలున్నాయి. రాసినవారికి అది ఎక్కడినుంచో వచ్చిన మామూలు వాక్యం. జీవితమంతా ఆ మాటే మనుషుల నోట విన్నవారికి యంత్రం నోట కూడా వినాల్సి రావడం ఎలా ఉంటుందో ఊహించండి. "సరైన" అన్న మాట తీసేసి, "ఈ ప్రశ్నకు ఒక జవాబు ఎంచుకోండి" అని రాస్తే సరిపోతుంది.

నాలుగో మెట్టు: తెర వెనక ఏం జరుగుతుందో చూడండి

ఈ భాగం నేను దెబ్బ తిని నేర్చుకున్నది. ఒక సంస్థకు ఫారం చేసినప్పుడు "చెప్పదలచుకోలేదు" అన్న ఎంపికను శ్రద్ధగా చేర్చాను, రంగులు, అంతరాలు అన్నీ చూసుకున్నాను. డేటాబేస్‌లో ఆ ఎంపిక ఖాళీ విలువగా నిల్వ అయ్యేది. రాత్రిపూట ఆ వివరాలను ఈమెయిళ్లు పంపే పాత ప్రోగ్రాముకు ఎగుమతి చేసే ఒక చిన్న స్క్రిప్ట్ ఉండేది, అది ఖాళీ కనిపిస్తే "ఎం" అని నింపేది. ఫలితంగా, చెప్పదలచుకోలేదని స్పష్టంగా చెప్పినవారందరికీ తెల్లారేసరికి "శ్రీ" అన్న సంబోధనతో స్వాగత లేఖ వెళ్లింది. వారిలో ఒకరు రాసిన జవాబు ఒక్క వాక్యమే: "మరి అడగడం దేనికి?" తెర మీద నేను చేసినదంతా ఆ స్క్రిప్టులోని ఒక వరుస తుడిచేసింది.

అందుకని ఈ జవాబు చేరే ప్రతి చోటునూ వెతికి పట్టుకోండి: ఈమెయిల్ ప్రోగ్రాం, బిల్లుల ప్రోగ్రాం, విశ్లేషణ సాధనం, ప్రకటనల సాధనం, కస్టమర్ కేర్ తెర, నెలవారీ నివేదిక. వీటిలో ఏదో ఒకటి అవును-కాదు రకం నిల్వతోనో, ఒక్క అక్షరం పట్టే కాలమ్‌తోనో ఉండి తీరుతుంది. లింగాన్ని కోడ్‌గా రాసే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ/ఐఈసీ 5218లో నాలుగే అంకెలున్నాయి: 0 అంటే తెలియదు, 1 పురుషుడు, 2 స్త్రీ, 9 వర్తించదు. నాన్‌బైనరీకి అందులో చోటు లేదు; "చెప్పదలచుకోలేదు" అన్నది "తెలియదు" కాదు, "వర్తించదు" కూడా కాదు. పేరు, ఫోన్ వంటి పరిచయ వివరాలను ఫైలుగా రాసే వీకార్డ్ ప్రమాణంలో 2011లో వచ్చిన రూపం ఇంతకన్నా నయం. దానిలో ఒక అక్షరపు కోడ్ పక్కన సొంత మాటల్లో రాసుకునే భాగం కూడా ఉంది. బ్రౌజర్లు ఫారాన్ని వాటంతటవే నింపడానికి వాడే హెచ్‌టీఎంఎల్ నియమావళి కూడా జెండర్‌ను స్వేచ్ఛగా రాసే టెక్స్ట్‌గానే చూస్తుంది. మీ డేటాబేస్‌లో కనీసం మూడు స్థితులను వేరుగా ఉంచండి: మేము అడగలేదు, అడిగితే చెప్పదలచుకోలేదన్నారు, చెప్పారు. చెప్పినదాన్ని టెక్స్ట్‌గా దాచండి. మొదటి రెంటినీ ఒకే ఖాళీ విలువలో కలిపితే నాకు జరిగినదే మీకూ జరుగుతుంది, పైగా చెప్పనన్న వ్యక్తినే మళ్లీ మళ్లీ అడుగుతుంటారు.

సొంత మాటల్లో రాసుకునే గడికి పెట్టే నియంత్రణలు చాలాసార్లు తెలుగును తట్టుకోలేవు. "ట్రాన్స్‌జెండర్" అన్న మాటనే తీసుకోండి. కంప్యూటర్ లెక్కలో అది 15 కోడ్ గుర్తులు. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో గుర్తు 3 బైట్లు కాబట్టి మొత్తం 45 బైట్లు. 20 బైట్ల పరిమితి పెడితే ఆ పదం సగంలో తెగిపోతుంది. అంతేకాదు, "స్" తర్వాత "జె" కిందికి ఒత్తుగా దిగకుండా ఆపడానికి మధ్యలో కంటికి కనిపించని గుర్తు ఒకటి ఉంటుంది. "అక్షరాలు మాత్రమే రాయండి" అనే నియమం ఆ గుర్తును చూసి, తెర మీద ఏ తప్పూ లేని పదాన్ని తిరస్కరిస్తుంది. పరిమితిని పెంచండి, గుర్తుల మీద ఆంక్షలు తీసేయండి. హానికరమైన కోడ్ గురించి భయముంటే చూపించే చోట శుద్ధి చేయండి, రాసే చోట కాదు.

ఐదో మెట్టు: సైటు మాట్లాడే తీరును మార్చండి

వాక్యాల్లో జెండర్ అవసరం లేకుండా చూసుకోవడంలో తెలుగు మనకు బాగా సాయపడుతుంది. ఇంగ్లీషులో సర్వనామం దగ్గర వచ్చే చిక్కు మనకు క్రియ దగ్గర వస్తుంది: "ఫోటో మార్చాడు", "ఫోటో మార్చింది". "మార్చారు" అంటే ఆ చిక్కు విడిపోతుంది, గౌరవమూ నిలుస్తుంది. "అతని ప్రొఫైల్", "ఆమె ప్రొఫైల్" బదులు "వారి ప్రొఫైల్" అనండి, లేదా పేరే మళ్లీ రాయండి. "మీకు జవాబు ఇచ్చాడు" బదులు "నుంచి మీకు జవాబు వచ్చింది" అంటే కర్త జెండర్ ప్రసక్తే రాదు. అయితే ఇంగ్లీషు నుంచి యాంత్రికంగా అనువదించిన ఇంటర్‌ఫేసుల్లో "వినియోగదారుడు లాగిన్ అయ్యాడు" వంటి వాక్యాలు వందల కొద్దీ ఉంటాయి. అనువాద ఫైలులో "డు" తో, "డి" తో ముగిసే మాటలన్నీ వెతికి ఒక పూట కూర్చుని సరిచేయండి. "వినియోగదారు" అంటే చాలు, "డు" అక్కర్లేదు.

ఫోటో పెట్టనివారికి చూపించే బొమ్మ విషయంలోనూ ఇంతే. జెండర్ గడిని బట్టి పొడవు జుట్టు బొమ్మ, పొట్టి జుట్టు బొమ్మ మారే సైట్లు ఇప్పటికీ ఉన్నాయి. పేరులోని మొదటి అక్షరం చూపించండి. పేరును బట్టి జెండర్ ఊహించే సాధనాలు వాడకండి. అడగకుండానే తప్పు చెప్పే ఫారం అది.

ఆరో మెట్టు: మార్చుకోనివ్వండి, దాచుకోనివ్వండి

జెండర్‌నూ, పేరునూ ఖాతా సెట్టింగులలో ఎవరికి వారే మార్చుకోగలగాలి; ధ్రువపత్రం పంపమనీ, కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయమనీ అనకూడదు. ఫోన్‌లో ఏం జరుగుతుందంటే, రికార్డులో "మహిళ" అని ఉండి గొంతు బరువుగా వినిపిస్తే, అవతలివారు ఖాతా ఎవరో దొంగిలించారనుకుని లైన్ కట్ చేస్తారు. గొంతును బట్టి గుర్తింపు నిర్ధారించవద్దనీ, ముందే పెట్టుకున్న భద్రతా ప్రశ్నలనే వాడమనీ సిబ్బందికి రాసి ఇవ్వండి.

పాత పేరు మిగిలిపోయే మూలలు చాలా ఉంటాయి. ప్రొఫైల్ చిరునామా, యూజర్‌నేమ్, పాత వ్యాఖ్యల పక్కన ముద్రపడిన పేరు, ఇన్‌వాయిస్ ఫైళ్లు, వెతుకులాట ఫలితాలు, "ఇంతకుముందు ఈ పేరుతో ఉండేవారు" అని ఇతరులకు చూపించే చరిత్ర. చివరిది అన్నింటికన్నా ప్రమాదకరం. ఒక వ్యక్తి ట్రాన్స్‌జెండర్ అని వారి అనుమతి లేకుండా అందరికీ ప్రకటించడమే అది. చట్టం కోసం పాత పేరు ఉంచాల్సి వస్తే, అది చూడగలిగే సిబ్బందిని వేళ్ల మీద లెక్కపెట్టేంతమందికి పరిమితం చేయండి.

నివేదికల్లో కూడా ఇదే ప్రమాదం మారువేషంలో వస్తుంది. నలభై మంది ఉన్న విభాగంలో "నాన్‌బైనరీ: 1" అని పట్టిక వేస్తే ఆ ఒక్కరు ఎవరో పక్క బల్లవారు చెప్పేస్తారు. చిన్న సంఖ్యలను పట్టికలో చూపకూడదన్న నియమం పెట్టుకుని, దాన్ని నివేదిక తయారుచేసే ప్రోగ్రాములోనే రాయండి. మనిషి జ్ఞాపకానికి వదలకండి. సేకరించినదాన్ని ఎన్నాళ్లు ఉంచుతారో తేదీ పెట్టుకోండి.

పాత ఖాతాల సంగతి: రెండు ఎంపికలే ఉన్న రోజుల్లో నింపిన జవాబులను కొత్త జాబితాలోకి అలాగే మోయకండి, అవి బలవంతంగా తీసుకున్నవి. గడి అవసరం లేదని మొదటి మెట్టులో తేలి ఉంటే ఆ కాలమ్‌ను బ్యాకప్‌లతో సహా తొలగించండి. అవసరమని తేలితే, "ఈ ప్రశ్నలో కొత్త ఎంపికలు చేర్చాం, చూడాలనుకుంటే సెట్టింగులలో ఉంది" అని ఒకే ఒకసారి చెప్పి ఊరుకోండి.

ఏడో మెట్టు: విడుదలకు ముందు పరీక్షించండి

ఫారాన్ని ట్రాన్స్‌జెండర్, నాన్‌బైనరీ వ్యక్తులకు చూపించి అభిప్రాయం తీసుకోండి, మిగతా పరీక్షకులకు ఇచ్చినట్టే వారి సమయానికి పారితోషికం ఇవ్వండి. ఒక్కరిని అడిగి అందరి తరఫునా తీర్పు వచ్చేసిందనుకోకండి. "ట్రాన్స్‌జెండర్" అన్న మాట జాబితాలో ఉండాలా వద్దా అన్నదాని మీదే ముగ్గురు మూడు రకాలుగా చెబుతారు, ఆ తేడా మీకు తెలియడమే పరీక్షలో సగం ప్రయోజనం.

ఆపైన మీరే ఒక కొత్త ఖాతా తెరవండి. జెండర్ దగ్గర "నా మాటల్లో చెబుతాను" ఎంచుకుని తెలుగులో రెండు పదాలు రాయండి. స్వాగత లేఖ ఏమని పిలిచిందో చూడండి. ఇంకో ఖాతా నుంచి మీ ప్రొఫైల్ తెరిచి ఏం కనిపిస్తోందో చూడండి. మరుసటి రోజు పేరు, జెండర్ రెండూ మార్చండి. పాత పేరుతో సైటులో వెతకండి. "చెప్పదలచుకోలేదు" అన్న జవాబుతో మూడో ఖాతా తెరిచి, రాత్రి ఎగుమతి ఫైలు తయారయ్యాక దాన్ని తెరిచి ఆ వరుసలో ఏముందో చదవండి. అక్కడ "ఎం" గానీ "ఎఫ్" గానీ కనిపిస్తే విడుదల ఆపి, ఆ ఫైలును తయారుచేసే స్క్రిప్టు ఎవరి దగ్గర ఉందో కనుక్కోండి.